తండ్రి వలదన్న భాష : డిప్యూటీ నజీర్ అహ్మద్ జీవితం

ఉర్దూ సాహిత్యంతో కొద్దిపాటి పరిచయం గలవారికి కూడా డిప్యూటీ నజీర్ అహ్మద్ పేరు తెలియనిది కాదు. ఉర్దూలో తొలి నవలాకారుడని సాహిత్య చరిత్రకారులు ఆయనను పేర్కొంటారు. దివ్య ఖుర్ఆన్‌ను ఢిల్లీ వాడుక నుడిలోనికి అనువదించిన పండితుడని మత గ్రంథాలు చదివేవారు ఆయనను ఎరుగుదురు. అయితే ఈ వ్యాసంలో మేము ప్రధానంగా చెప్పదలచినది ఈ రెండింటిని గురించి కాదు. అరబ్బీ, పారశీకాలే చదువని నమ్మిన ఇంట పుట్టిన ఒక బీద బాలుడు, ఇరవై ఏళ్లు దాటి, ఉద్యోగంలో చేరి, సంసార భారం మీద వేసుకొన్న తర్వాత ఆంగ్లభాషను ఏ విధంగా వశపరచుకొన్నాడన్నదే మా ప్రస్తుతాంశం.

దీనిని ఎన్నుకొనుటకు కారణం లేకపోలేదు. గ్రూపు సర్వీసులకు, బ్యాంకు ఉద్యోగాలకు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలకు సిద్ధమయ్యే మన విద్యార్థుల చేతుల్లో లావుపాటి ఆంగ్ల వ్యాకరణ అభ్యాస గ్రంథాలు, పర్యాయపదాల పట్టికలు మేము నిత్యం చూస్తూనే ఉన్నాము. ఖాళీలను పూరించుట, తప్పు గల వాక్యాన్ని సరిదిద్దుట, ఒక పదానికి అర్థం నాలుగింటిలో ఏదో గుర్తించుట – ఇవన్నీ చక్కగా అభ్యసిస్తున్నారు. కాని ఉర్దూ మాధ్యమంలో చదివిన వారిలోను, తెలుగు మాధ్యమంలో చదివిన వారిలోను ఒక దిగులు కనిపిస్తున్నది. ఆంగ్లం పసితనం నుండి కాన్వెంటులో చదివిన వారి సొత్తనీ, మాతృభాషలో గడిపిన సంవత్సరాలన్నీ వృథాయేననీ ఆ దిగులు. నజీర్ అహ్మద్ జీవితం ఈ దిగులును పరిశీలించుటకు తగిన జీవితమని మా అభిప్రాయం.

ఆయన ఉత్తర హిందూస్థానంలోని బిజ్నోరు జిల్లా రేహర్ గ్రామంలో జన్మించారు. పుట్టిన సంవత్సరం 1830 అని కొందరు, 1836 అని కొందరు వ్రాశారు. తండ్రి మౌల్వీ సఆదత్ అలీ. వంశమంతా మౌల్వీలు, ముఫ్తీలు. విద్యకు లోటు లేదు గాని ధనానికి లోటు. తండ్రి వద్దనే పారశీకం, అరబ్బీ ప్రాథమికంగా నేర్చుకొన్న పిదప, 1842లో బాలుని ఢిల్లీ నగరానికి తీసుకొని వచ్చి, ఔరంగాబాదీ మసీదులో మౌల్వీ అబ్దుల్ ఖాలిక్ గారి శుశ్రూషలో ఉంచారు.

ఆ మసీదు చదువు ఎట్టిదో మీర్జా ఫర్హతుల్లా బేగ్ తన ప్రసిద్ధ రచనలో హృదయానికి హత్తుకొనేటట్లు వర్ణించారు. విద్యార్థులు మసీదులోనే నిద్రించాలి. పూట గడుచుటకు చుట్టుపట్ల ఇళ్లకు వెళ్లి రొట్టెలు అడిగి తేవాలి. ఒక ఇంట మిగిలిన పప్పు, మరొక ఇంట ఎండు రొట్టె, అదృష్టం బాగుంటే ఇంకొక ఇంట కాస్త ఖీమా. గురువుగారి ఇంటికి రొట్టెలకై వెళ్లినప్పుడు నజీర్ అహ్మద్‌కు ఇంకొక పని కూడా ఉండేది. ఆ ఇంటి చిన్న పిల్ల సన్నికల్లు ముందు ఆయనను కూర్చోబెట్టి మసాలా నూరించేదట. చేయి ఆగితే చాలు, పొత్రం తీసి వ్రేళ్లపై కొట్టేదట. గురువుగారి మనుమరాలైన ఆ పిల్లయే తరువాత ఆయన ధర్మపత్ని అయినదని తెలిసినప్పుడు పాఠకునికి నవ్వు రాక మానదు. నవ్వు వచ్చినా ఆ బీదరికాన్ని మరచిపోరాదు. ప్రాచీన అరబ్బీ కావ్యాలు కంఠస్థం చేసిన ఆ బాలుడు ఆకలితోనే వాటిని కంఠస్థం చేశాడు.

1846లో ఆయన ఢిల్లీ కళాశాలలో ప్రవేశించారు. ఆ ప్రవేశం కూడా యాదృచ్ఛికమేనని బేగ్ వ్రాశారు. కళాశాలలో పరీక్ష జరుగుచుండగా వింత చూడబోయి, గుంపు త్రోపిడిలో క్రిందపడగా, ముఫ్తీ సదరుద్దీన్ గారు ఏమి చదువుచున్నావని అడిగారట. అరబ్బీలో అత్యంత కఠినమైన సప్త ముఅల్లఖాత్ చదువుచున్నానని ఈ చిన్నవాడు చెప్పగా ఆయన నమ్మలేదు. అక్కడికక్కడే పరీక్షించి, నమ్మి, చేర్పించారు.

ఇక్కడ ఆనాటి కాలస్థితిని కొంచెం గమనించాలి. 1837లో కంపెనీ ప్రభుత్వం న్యాయస్థానాల నుండి పారశీకాన్ని తొలగించుటకు శాసనం చేసింది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ఆంగ్ల విద్య అభ్యసించిన వారికి ప్రభుత్వోద్యోగాలలో ప్రాధాన్యం ఇవ్వవలెనని తీర్మానించాడు. అంటే నజీర్ అహ్మద్ కళాశాలలో అడుగుపెట్టేనాటికి అన్నం పెట్టే భాష ఏదో తేలిపోయింది. ఆ కళాశాలలో ఆంగ్ల శాఖ ఒకటి, ప్రాచ్య శాఖ ఒకటి ఉండేవి. ప్రాచ్య శాఖలో గణితం, ప్రకృతి శాస్త్రం మొదలైన నవీన విషయాలను ఉర్దూలోనే బోధించేవారు. అందుకై ఎన్నో గ్రంథాలు ఉర్దూలోనికి అనువదింపబడినాయి. నజీర్ అహ్మద్ ప్రాచ్య శాఖనే ఎన్నుకొన్నారు. కొడుకు ఆంగ్లం నేర్చుకొనుట కంటే మరణించుటయే మేలని తండ్రి భావించుటయే అందుకు కారణమని తరువాతి కాలంలో ఆయనే చెప్పుకొన్నారు.

ఆ తండ్రిని మూర్ఖుడని కొట్టివేయుట నేటివారికి సులభం. మేమట్లు చేయము. ఆ తరం వారి కళ్ల ముందు రాజ్యం పోయింది, కచ్చేరీ భాష పోయింది. మిగిలినది ధర్మం ఒక్కటే. ఆంగ్లం వెంట ఆ ధర్మం కూడా పోతుందన్న భయం కేవలం అజ్ఞానం వల్ల కలిగినది కాదు. 1852లో అదే కళాశాల గణితాచార్యుడు మాస్టర్ రామచంద్ర క్రైస్తవ మతం స్వీకరించినప్పుడు హిందువులు, ముస్లిములు అను భేదం లేకుండ ఢిల్లీ నగరం ఎంతగా కలత చెందినదో చరిత్ర చెబుతున్నది. తండ్రి భయం నిజమైనది. అయితే దానికి ఆయన ఎంచుకొన్న మందు కొడుకునకు సరిపోలేదు.

1853లో కళాశాల విద్య ముగిసింది. 1854లో పంజాబులోని గుజరాత్ జిల్లా కుంజాహ్‌లో ఉపాధ్యాయ పదవి, 1856లో కాన్పూరులో పాఠశాలల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు పదవి లభించాయి. 1857 కల్లోలం గడచిన పిదప అదే హోదాలో అలహాబాదు చేరారు. ఆంగ్ల భాషాభ్యాసం ప్రారంభమైనది ఇక్కడనే. తరగతి లేదు, పరీక్ష లేదు. ఉద్యోగపు పని ముగిసిన తర్వాత మిగిలిన సమయం, మిత్రుల ప్రోత్సాహం, అరబ్బీ వ్యాకరణంలో పండిపోయిన బుద్ధి – ఇవే ఆయన పెట్టుబడి.

ఈ చివరిదానిని మేము కొంచెం నొక్కి చెప్పదలచినాము. అరబ్బీలో ధాతువు నుండి పదం ఏ విధంగా పుడుతుందో, ఏ ప్రత్యయం చేరితే అర్థం ఏ విధంగా మారుతుందో పసితనం నుండి అభ్యసించినవానికి మరొక భాష వ్యాకరణం భయం కలిగించదు. కర్త ఏది, కర్మ ఏది, క్రియ దేనిని అనుసరిస్తుంది అన్న ప్రశ్నలు ఆయనకు కొత్తవి కావు. సమాధానాలు మాత్రమే కొత్తవి. మన సంధులను, సమాసాలను, విభక్తులను శ్రద్ధగా చదివిన విద్యార్థి ఆంగ్ల వాక్యాన్ని విడదీయుటలో ముందుంటాడని తెలుగు బోధించే మాకు అనుభవంలో తెలిసిన విషయమే. మా శాఖను మేమే పొగడుకొంటున్నామని ఇంగ్లీషు శాఖ మిత్రులు అనుకొందురు గాక!

ఆయన ఆంగ్లానికి అసలు పరీక్ష శాసనాల అనువాదంతో వచ్చింది. 1860 అక్టోబరులో భారత శిక్షాస్మృతి శాసనమైంది. మెకాలే అధ్యక్షతన 1837 నాటికే ముసాయిదా సిద్ధమైన ఆ స్మృతిలో 511 సెక్షన్లు. 1862 జనవరి 1 నుండి అది అమలులోనికి రావలసి ఉన్నది. పోలీసు నుండి న్యాయాధికారి వరకు దానిని చదివి అర్థం చేసుకోవలసిన వారిలో అత్యధికులకు ఆంగ్లం రాదు. కనుక ఉర్దూ అనువాదం అత్యవసరమైంది. ఇది ఒక్కరు చేసిన పని కాదు. ఇతర పండితులు కూడా దానిలో పాల్గొన్నారు. అయినను, ఆంగ్లం ఆలస్యంగా నేర్చిన ఈ డిప్యూటీ ఇన్‌స్పెక్టరు కలమే ఆ అనువాదానికి కీర్తి తెచ్చిపెట్టింది. దాని పేరు తాజీరాత్-ఎ-హింద్.

ఆ పని ఎంత కష్టమైనదో ఒకటి రెండు ఉదాహరణలతో చెబుతాము. పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులు థెఫ్ట్, ఎక్స్‌టార్షన్, రాబరీ, డెకాయిటీ అను నాలుగు పదాలను పర్యాయపదాల పట్టికలో ఒకే వరుసలో వ్రాసుకొంటారు. శిక్షాస్మృతిలో ఈ నాలుగూ వేర్వేరు నేరాలు. యజమాని సమ్మతి లేకుండ, అతని స్వాధీనంలోని చరాస్తిని దురుద్దేశంతో కదలించుట మొదటిది, 378వ సెక్షను. భయపెట్టి, యజమాని చేతనే ఇప్పించుకొనుట రెండవది, 383వ సెక్షను. ఆ దొంగతనానికో, బెదిరింపుకో హింస గాని, తక్షణ హింసాభయం గాని తోడైతే మూడవది. అట్టి దానిలో ఐదుగురు గాని అంతకు మించి గాని పాల్గొంటే నాలుగవది. అనువాదకునికి ఒక్క పదం తప్పితే నిందితునికి సంవత్సరాల శిక్ష తప్పుతుంది, లేక పెరుగుతుంది. ఉర్దూ అనువాదంలో ఇవి వరుసగా సర్ఖా, ఇస్తెహ్సాల్ బిల్ జబ్ర్, సర్ఖా బిల్ జబ్ర్, డకైతీ అయినాయి. బలవంతం అను అర్థమిచ్చే జబ్ర్ పదాన్ని రెండవ, మూడవ నేరాలకు చేర్చి, మొదటిదానికి చేర్చకపోవుటలో ఎంత వివేకం ఉన్నదో గమనించండి. నాలుగవదాని విషయం మరీ వింత. ఆ పదాన్ని ఆంగ్లేయులే మన డకైతీ నుండి తీసుకొన్నారు. అనువాదకుడు దానిని ఇంటికి తిరిగి తెచ్చుకొన్నాడు, అంతే!

అట్లే, ఒక మనిషిని తనకు హక్కున్న దిక్కున పోనీయకుండ అడ్డగించుట ఒక నేరం. ఏ దిక్కుకూ పోనీయకుండ హద్దులలో నిర్బంధించుట మరొక నేరం. 339, 340 సెక్షన్లు ప్రక్కప్రక్కనే ఉంటాయి. మొదటిదానికి ముజాహమత్-ఎ-బేజా అనీ, రెండవదానికి హబ్స్-ఎ-బేజా అనీ ఉర్దూలో పేర్లు ఏర్పడినాయి. పరువునష్టానికి ఇజాలా-ఎ-హైసియత్-ఎ-ఉర్ఫీ అని వ్రాశారు. నోరు తిరుగుట కష్టమే గాని, లోకంలో ఒక మనిషికి గల గుర్తింపును తొలగించుట అన్న అర్థం దానిలో సంపూర్ణంగా ఇమిడి ఉన్నది. భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుండి 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చింది. కాని ఈ ఉర్దూ పదాలు ఉర్దూ పత్రికలలో నేటికీ సజీవంగా ఉన్నాయి.

నజీర్ అహ్మద్ ఆంగ్ల పదాన్ని నేర్చుకొన్న తీరు దీనివల్ల కొంత మనకు తెలుస్తున్నది. ఒక పదానికి ఎదురుగా మరొక పదం వ్రాసుకొని కంఠస్థం చేసినవాడు ఈ పని చేయలేడు. ఆ పదం ఏ వాక్యంలో ఉన్నది, దాని సరిహద్దు ఎక్కడ, ప్రక్క పదానికీ దీనికీ మధ్య గోడ ఎక్కడ అని వెదికినవాడే చేయగలడు. వెదికిన తర్వాత దానిని ఉంచుటకు స్వభాషలో చోటు కూడా ఉండాలి. అరబ్బీ, పారశీక, ఉర్దూ భాషలలో ఆయనకున్న సంపద ఆంగ్లానికి అడ్డు రాలేదు సరికదా, ఆంగ్లం వచ్చి కూర్చొనుటకు పీట వేసింది. ఈ అనువాదానికి ఫలితంగా ఆయనకు రెవెన్యూ శాఖలో స్థానం లభించి, డిప్యూటీ కలెక్టరు అయినారు. పేరుకు ముందు నేటికీ నిలిచియున్న డిప్యూటీ అను మాట ఆనాటిదే.

తరువాతి దశ మరొక విధమైన పోటీ. 1868 ఆగస్టులో వాయవ్య రాష్ట్ర ప్రభుత్వం దేశభాషలలో ఉపయోగకరమైన గ్రంథాలకు బహుమతులు ప్రకటించింది. నజీర్ అహ్మద్ అప్పటికే తన సంతానం చదువుకొనుటకు తగిన పుస్తకాలు లేవని తానే వ్రాసుకొంటున్నారు. కుమార్తెల కొరకు ఒక కథ, కుమారుని కొరకు చంద్ పంద్ అను నీతి పుస్తకం. విద్యాశాఖ డైరెక్టరు కెంప్సన్ ఒకసారి ఆ బాలుని కలిసి, ఏమి చదువుచున్నావని అడిగి, ఆ వ్రాతప్రతులు చూసి ఆశ్చర్యపడినాడన్న ఉదంతం ప్రసిద్ధమే. కుమార్తెల కొరకు వ్రాసిన కథయే 1869లో వెలువడిన మిరాతుల్ ఉరూస్. దానికి వేయి రూపాయల బహుమతి లభించింది. విద్యాశాఖ రెండువేల ప్రతులు కొన్నది. లెఫ్టినెంట్ గవర్నరు విలియం మ్యూర్ తన వంతుగా ఒక గడియారాన్ని బహూకరించాడు. తరువాత బనాతున్ నఆష్, తౌబతున్ నసూహ్ వెలువడినాయి. పారశీక వ్యాకరణం, అరబ్బీ వ్యాకరణం కూడా పిల్లలకు తగినట్లు చిన్న పుస్తకాలుగా వ్రాశారు.

ఇక మాకు అత్యంత ఆసక్తి కలిగించిన విషయం. 1884లో కెంప్సన్ తౌబతున్ నసూహ్‌ను ఆంగ్లంలోనికి అనువదించి లండనులో ప్రచురించాడు. మిరాతుల్ ఉరూస్‌ను జి. ఇ. వార్డ్ అను మాజీ సివిల్ సర్వీసు ఉద్యోగి 1903లో ఆంగ్లంలోనికి తెచ్చాడు. ఉర్దూ నేర్చుకోవలసిన ఆంగ్లేయ అధికారులకు నజీర్ అహ్మద్ కథలు పాఠ్యగ్రంథాలైనాయి. సివిల్ సర్వీసుకు ఎన్నికైన ఆంగ్ల యువకులు ఢిల్లీ అంతఃపురాలలోని బేగముల జాతీయాలను, సామెతలను, తిట్లను కూడా అర్థంతో సహా నేర్చుకొని దేశభాషా పరీక్షలకు కూర్చోవలసి వచ్చింది. మన పిల్లలు ప్రిపొజిషన్ల వద్ద తడబడినట్లే వారు ‘నే’ ప్రత్యయం వద్ద తడబడి ఉంటారని ఊహించుకొంటే కొంత ఊరట కలుగుతుంది. భాష ఎవరికైనా మొదట పరాయిదే.

1877లో ఆయన హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. మొదటి సాలార్‌జంగ్ పరిపాలనా సంస్కరణలకై ఉత్తరాది నుండి సమర్థులను రప్పించుకొంటున్న కాలమది. రెవెన్యూ శాఖలో ఉన్నత పదవి, పెద్ద జీతం. ఇక్కడి రైతుల భాష తెలుగు. దానిని కూడా ఆయన నేర్చుకొన్నారని ఆయన జీవిత చరిత్రకారులు వ్రాశారు. ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసినది కూడా ఈ హైదరాబాదు నివాసంలోనేనని చెబుతారు. ఉర్దూ వచ్చినవాడు హైదరాబాదులో తెలుగు లేకుండ కాలం గడపగలడు, ఎందరో గడిపారు. దావా, ఫిర్యాదు, జామీను, జప్తు, ఖైదు అని తెలుగు రైతే ఆయన భాషలో సగం దూరం వచ్చి మాట్లాడేవాడు గదా! మిగిలిన సగం దూరం తాను నడచిన అధికారిగా నజీర్ అహ్మద్ తెలుగువారమైన మాకు మరింత ఆప్తులుగా తోస్తారు. 1883లో సాలార్‌జంగ్ మరణించారు. దర్బారు రాజకీయాల మధ్య నిలువలేక 1884లో నజీర్ అహ్మద్ పదవి విడిచి ఢిల్లీ చేరుకొన్నారు.

ఆంగ్లం నేర్చినంత మాత్రాన మనిషి ఏమి కావాలి, ఏమి కారాదు అన్న ప్రశ్న ఆయనను జీవితమంతా వేధించినట్లున్నది. 1888లో వెలువడిన ఇబ్నుల్ వక్త్ అను నవలలో ఆ ప్రశ్ననే కథగా మలచినారు. కథానాయకుడు 1857లో ఒక ఆంగ్లేయుని ప్రాణం కాపాడి, అతని స్నేహంతో వేషం, భోజనం, నివాసం సమస్తం మార్చుకొంటాడు. చివరకు ఆంగ్లేయులూ అతనిని తమవానిగా స్వీకరించరు, సొంతవారూ దగ్గరకు రానీయరు. అతనికి ఎదురుగా హుజ్జతుల్ ఇస్లాం అను బంధువు నిలుస్తాడు. ఇతడూ ప్రభుత్వంలో డిప్యూటీయే. కాని కట్టు, బొట్టు మార్చుకొనని ముస్లిము. ఇది సర్ సయ్యద్‌పై వ్యంగ్యమని ఆనాడు కొందరు అనుకొన్నారు. మేము దీనిని ఆ దృష్టితో చూడము. సర్ సయ్యద్ విద్యోద్యమానికి నజీర్ అహ్మద్ ఉపన్యాసాలతో ఎంతటి బలం చేకూర్చినారో అందరికీ తెలిసినదే. ఈ నవలలో ఆయన వాదించినది తన తండ్రితోనని మాకు తోస్తున్నది. ఆంగ్లం నేర్చినా ధర్మం నిలుస్తుందని ఒక పాత్ర చేత చూపించి, నిలువని పక్షంలో జరిగేదేమిటో మరొక పాత్ర చేత చూపించి, తండ్రి భయాన్ని సగం ఒప్పుకొని సగం కాదన్నారు. కళాత్మకంగా చూస్తే హుజ్జతుల్ ఇస్లాం ఉపన్యాసాలు మితిమీరి దీర్ఘమైనవి. పాఠకుడు పుటలు త్రిప్పివేస్తే తప్పు లేదు.

1897లో ప్రభుత్వం శంసుల్ ఉలమా బిరుదు నిచ్చింది. 1902లో ఎడింబరో విశ్వవిద్యాలయం గౌరవ ఎల్.ఎల్.డి. పట్టం ప్రదానం చేసింది. ఒక్క ఆంగ్ల తరగతిలోనైనా కూర్చొనని వ్యక్తికి, అరబ్బీ మౌల్వీకి, స్కాట్లండు నుండి న్యాయశాస్త్రంలో డాక్టరు పట్టం!

ఆయనను దేవతగా చేసి చూపుట మా ఉద్దేశం కాదు. ధనం విషయంలో ఆయన గట్టి మనిషి. వర్తకంలో పెట్టుబడులు పెట్టేవారు, పైసకు పైస లెక్క చూసుకొనేవారు. ఖుర్ఆన్ అనువాదంలో వీధి జాతీయాలను ప్రయోగించినారని పెద్దలు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో కొంత న్యాయం లేకపోలేదు. ఆయన చివరి గ్రంథాలలో ఒకటైన ఉమ్మహాతుల్ ఉమ్మహ్ వాడిన భాష కారణంగానే తీవ్ర వివాదానికి గురియై, ప్రతులు దగ్ధం చేయబడినాయి. జాతీయంపై మోజు ఆయనకు వరమూ అయింది, శాపమూ అయింది.

చదువు చెప్పుటలో మాత్రం ఆ గట్టితనం లేదు. వృద్ధాప్యంలో కూడా ఢిల్లీలోని తన ఇంట విద్యార్థులకు పైసా తీసుకొనక అరబ్బీ బోధించేవారు. కళాశాల పరీక్షకు అరబ్బీ పాఠ్యాంశంగా తీసుకొని, దిక్కు తోచక ఆయన వద్దకు చేరిన వారిలో ఫర్హతుల్లా బేగ్ ఒకరు. నజీర్ అహ్మద్ 1912లో పక్షవాతంతో మరణించారు. పదునైదు సంవత్సరాల తర్వాత, 1927లో, బేగ్ తన గురువు కథను, కొంత తన మాటలలోను కొంత గురువు మాటలలోను, ఉర్దూలో వ్రాసి ప్రకటించారు. గురువుగారి లోభాన్ని దాచలేదు, ప్రేమనూ దాచలేదు. బేగ్ అప్పటికి హైదరాబాదులో స్థిరపడి, నిజాం ప్రభుత్వ న్యాయశాఖలో పనిచేస్తున్నారు. 1947లో ఇక్కడనే కన్నుమూశారు. హైదరాబాదు కచ్చేరీల భాష ఉర్దూ. హబ్స్-ఎ-బేజా, ఇస్తెహ్సాల్ బిల్ జబ్ర్ మొదలైన పదాలు ఆ కాగితాలపై ప్రతిదినం నడిచేవి.